షటర్ (2004): భయపెట్టింది దెయ్యమా, ఆ నెగటివ్‌లా?

మొదటి_ఆట

ముందే చెప్తున్నా, ఈ చర్చలో కథ మొత్తం బయటపడుతుంది. చూడనివాళ్లు చూసి వచ్చి చదవండి. గంటన్నర పైచిలుకు సినిమా, అంతే.

థాయ్‌లాండ్‌లో 2004 సెప్టెంబర్‌లో విడుదలైన షటర్ మళ్లీ చూశాను. బంజోంగ్ పిసంతనకున్, పార్క్‌పూమ్ వాంగ్‌పూమ్ అనే ఇద్దరు కుర్రాళ్లు కలిసి తీసిన సినిమా. కథ తెలిసిందే. టున్ ఒక ఫోటోగ్రాఫర్. స్నేహితులతో విందు చేసుకుని రాత్రిపూట కారులో తిరిగి వస్తుంటాడు, బండి నడుపుతున్నది అతని ప్రియురాలు జేన్. రోడ్డు మీద ఒక అమ్మాయిని గుద్దేస్తారు. జేన్ దిగబోతుంటే టున్ ఆపి "బండి పోనివ్వు" అంటాడు. ఆ తర్వాత అతను తీసిన ఫోటోల్లో తెల్లటి మరకలు, నీడలు, ఒక ముఖం కనిపించడం మొదలవుతుంది. మెడనొప్పి పట్టుకుని వదలదు.

మొదటిసారి చూసినప్పుడు అందరిలాగే ఆ ముఖానికి, అంటే నాత్రే అనే అమ్మాయి దెయ్యానికి భయపడ్డాను. ఈసారి కథ ముందే తెలుసు కదా, అందుకని టున్‌ని మాత్రమే చూస్తూ కూర్చున్నా. అతనికి మొదటి ఫోటోలోనే ఆ ముఖం ఎవరిదో తెలుసు. జేన్ ఊళ్లన్నీ తిరిగి ఆ అమ్మాయి ఎవరో కనుక్కుంటుంటే పక్కన నిలబడి ఏమీ తెలియనట్టు ఉంటాడు. ఈ దృష్టితో చూస్తే సినిమా ఇంకా భయంగా ఉంది. నా మటుకు ఇందులో అసలు భయం తెల్లముఖం అమ్మాయిది కాదు, చివర్లో పుస్తకాల అర వెనక దొరికే, టున్ తీసి దాచిన ఆ నెగటివ్‌లది. మీరేమంటారు?

పాప్‌కార్న్_వద్దు

నెగటివ్‌ల సంగతి ఒప్పుకుంటాను కానీ, హారర్ సినిమాని హారర్‌గానే ముందు చూడాలి అన్నది నా పట్టు. ఆ లెక్కన షటర్‌లో నిజంగా గొప్ప సీన్లు మూడో నాలుగో ఉన్నాయి, మిగతాది సగటు. మధ్యలో అరగంట దాకా పరిశోధన నడుస్తుంది, జేన్ అక్కడికి వెళ్లడం ఇక్కడికి వెళ్లడం. భయపెట్టాలనుకున్న ప్రతిచోటా సౌండ్ ఒక్కసారిగా పెంచేశారు. చెవి పక్కన టపాకాయ పేలిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, అందులో గొప్పేముంది?

ఆ స్టూడియో సీన్ మాత్రం వేరు. కరెంటు పోతుంది. చీకట్లో ఫ్లాష్ దానంతటదే వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా ఆమె ఇంకొంచెం దగ్గరికి వచ్చి ఉంటుంది. రెండు ఫ్లాష్‌ల మధ్య ఆ చీకటే ప్రాణం తీస్తుంది. అక్కడ సౌండ్ తీసేసి చూసినా గుండె ఆగుతుంది. ఆసియా హారర్ మొత్తంలో మొదటి ఐదు సీన్లు ఏరమంటే ఇది అందులో ఉంటుంది.

సౌండ్_పిచ్చి

పాప్‌కార్న్ గారూ, సౌండ్ విషయంలో మీతో ఏకీభవించలేను. ఎక్కువ చోట్ల ఆ పేలుడుకి ముందు వాళ్లు వాడిన నిశ్శబ్దం గమనించండి. డార్క్‌రూమ్ సీన్‌లో నీళ్ల చప్పుడు, అతని ఊపిరి తప్ప ఏమీ ఉండదు. జేన్ వెనకే ఉందనుకుని మాట్లాడుతుంటాడు. ఫోన్ మోగుతుంది, అవతల జేన్ గొంతు. అక్కడ మ్యూజిక్ కాదు, మామూలు ఫోన్ రింగే భయపెట్టింది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఒక్క సీన్ మళ్లీ వినండి.

డార్క్‌రూమ్_తాత

అందరికీ నమస్కారం. నాకు సినిమాల గురించి మాట్లాడేంత పరిజ్ఞానం లేదు గానీ, ఫోటో స్టూడియో చాలా ఏళ్లు నడిపినవాణ్ని. రీళ్లు కడిగి, ప్రింట్లు వేసి, నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి బతికాను. మా మనవడు చూపిస్తే ఈ సినిమా చూశాను. దెయ్యం కన్నా ఆ ఎర్ర దీపం, ట్రేలు, తీగ మీద క్లిప్పులతో ఆరేసిన ప్రింట్లు చూసి మనసు ఎటో పోయింది.

ఈ కాలం పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. డెవలపర్‌లో వేసిన తెల్ల కాగితం మీద బొమ్మ ఒక్కసారిగా రాదు. ముందు నల్లగా ఉండే భాగాలు వస్తాయి, జుట్టు, కళ్లు, కోటు. తర్వాత మెల్లగా ముఖం. ఎన్నేళ్లు చేసినా ఆ క్షణంలో చేతులు కాస్త ఆగుతాయి, ఏమొస్తుందో అని. తర్వాత నీళ్లలో ముంచి హైపోలో వేస్తే గానీ బొమ్మ నిలవదు. ఎర్ర దీపం బ్లాక్ అండ్ వైట్ పేపర్‌కే పనికొస్తుంది, ఆ పేపర్‌కి ఎర్ర వెలుగు తెలియదు. కలర్ పేపర్ అయితే పూర్తి చీకట్లో తడుముకుంటూ చేయాల్సిందే. దెయ్యం సినిమాకి ఇంతకన్నా మంచి గది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? చీకటి, ఒంటరితనం, ఎదురుచూపు అన్నీ ఆ పనిలోనే ఉన్నాయి. ఆ కుర్ర డైరెక్టర్లు ఇది పట్టుకున్నారు.

ఇక ఫోటోల్లో దెయ్యాల సంగతి. రీలు సరిగ్గా తిరగకపోతే ఒకే ఫ్రేమ్ మీద రెండు బొమ్మలు పడతాయి. కెమెరా వెనక డోర్ సందులోంచి వెలుతురు పోతే తెల్లటి చార వస్తుంది. షటర్ నెమ్మదిగా పెట్టినప్పుడు మనిషి కదిలితే పొగలాగా పడతాడు, వెనక గోడ అతని ఒంట్లోంచి కనిపిస్తుంది. ఫ్లాష్ వెలుగు లెన్స్ ముందున్న దుమ్ముకి తగిలితే గుండ్రటి వెలుగు చుక్కలు. జనం ఇవన్నీ తెచ్చి "ఇదేంటండీ" అని అడిగేవాళ్లు.

ఒక కుటుంబం రీలు ఇచ్చి వెళ్లారు. అది వాళ్లే ఒకసారి వాడేసి, చుట్టిన తర్వాత రీలు కొస (నాలుక అంటాం) బయటే ఉండటంతో కొత్తదనుకుని మళ్లీ కెమెరాలో ఎక్కించారు. మొదటిసారి పెద్దాయన బతికున్నప్పుడు తీసినవి, రెండోసారి ఆయన పోయాక మనవరాలి ఓణీల ఫంక్షన్. కడిగి చూస్తే పీట మీద కూర్చున్న పిల్ల భుజం వెనక పెద్దాయన, పల్చగా, పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భయపడతారేమోనని విషయం విడమరిచి చెప్పి ఇచ్చాను. వాళ్లు భయపడలేదు. ఆ ఒక్క ఫ్రేమ్‌నే పెద్ద సైజు ప్రింట్ వేయించుకుని పటం కట్టించుకున్నారు.

అందుకే నాకు అనిపిస్తుంది, ఫోటోలో చనిపోయిన మనిషి కనపడితే భయమా సంతోషమా అన్నది ఆ మనిషికి మనం ఏం చేశామన్న దాన్ని బట్టి ఉంటుంది. టున్‌కి భయం ఎందుకో ఇక నేను చెప్పక్కర్లేదు.

ఓరుగల్లు

తాతగారూ, దండం. ఇలాంటి పోస్టు కోసమే ఈ గ్రూపులో ఉన్నా.

విజయనగరం_పిల్ల

తాతగారు చెప్పిన మాట దగ్గరే మొదలుపెడతాను.

అందరూ నాత్రేని దెయ్యం అంటున్నారు. ఆమె బతికున్నప్పుడు ఏం జరిగిందో మాట్లాడుకుందాం. కాలేజీలో ఎవరితోనూ కలవని, అందరూ ఏడిపించే అమ్మాయి. టున్ ఆమెతో ప్రేమ నడుపుతాడు, కానీ స్నేహితుల ముందు ఆమె పేరు కూడా ఎత్తడు. నామోషీ. తర్వాత ఆమెను వదిలించుకోవాలనుకుంటాడు. ల్యాబ్‌లో అతని స్నేహితులు ఆమె మీద అఘాయిత్యం చేస్తుంటే లోపలికి వస్తాడు. ఆమె అతన్ని చూస్తుంది. అతను ఆపడు. బయట చెప్పకుండా ఉండటానికి ఫోటోలు తియ్యమని వాళ్లంటే తీస్తాడు. ఆమె కళ్లు నేరుగా కెమెరాలోకి చూస్తుంటాయి. సినిమా మొత్తంలో నన్ను నిద్రపోనివ్వని చూపు అదే.

అంటే ఈ కథలో మొదటి "భయపెట్టే ఫోటో" దెయ్యం తీసింది కాదు, టున్ తీసింది. ఒక ఆడపిల్ల నోరు మూయించడానికి తీసిన ఫోటో. ఆ తర్వాత నాత్రే అతని ఫోటోల్లోకే ఎందుకు వస్తుంది, కలల్లోకో ఇంకెక్కడికో ఎందుకు రాదు అని అడిగేవాళ్లకి నా జవాబు ఇది: ఆమెను ఎక్కడ పాతిపెట్టాడో అక్కడినుంచే లేచి వస్తుంది.

2004లో అది ఒక నెగటివ్ స్ట్రిప్. దాచాలంటే పుస్తకాల వెనక దాచచ్చు, కాల్చాలంటే కాల్చచ్చు. ఇప్పుడు ప్రతి జేబులో ఫోన్ ఉంది. మా కాలేజీలో ఒక అమ్మాయి ఇలాంటి బెదిరింపు వల్ల ఫైనల్ ఇయర్ వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది. ఏం జరిగిందో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. అందుకే నేను ఈ సినిమాని పాత హారర్ సినిమాలా చూడలేను. చట్టం అప్పట్లోలా లేదు కూడా. 2013లో చట్టం మార్చాక ఇలా చాటుగా ఫోటో తీయడం, పంచడం ప్రత్యేకంగా నేరం. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లకి సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వచ్చు. చదివేవాళ్లలో ఎవరికైనా అవసరమైతే గుర్తుంచుకోండి, ఒంటరిగా భరించకండి.

మొదటి_ఆట

అక్కా, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీరు చెప్పారు. ఆమె కెమెరాలోకి చూసే ఆ షాట్ దగ్గర నేనూ ఆపేసి లేచి వెళ్లాను.

పాప్‌కార్న్_వద్దు

చాలా బలమైన పోస్టు. ఒక్క ప్రశ్న, వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా. నాత్రే జీవితం మనకి ఎవరి ద్వారా తెలుస్తుంది? టున్ చెప్పినంత, తల్లి చెప్పినంత, నెగటివ్‌లలో ఉన్నంత. ఆమె మనసులో ఏముందో సినిమా ఒక్క సీన్‌లో కూడా చూపించలేదు. బతికున్నప్పుడు ఏడ్చే అమ్మాయి, చచ్చాక పాకే దెయ్యం. ఆమెకు న్యాయం చేయాలనుకున్న సినిమా ఆమెకు నాలుగు మాటలైనా ఇవ్వాలి కదా?

విజయనగరం_పిల్ల

ఇది సరైన ప్రశ్న, నన్నూ ఇబ్బంది పెట్టేదే. ఆమెను భయపెట్టే వస్తువుగా వాడుకున్నారన్నది నిజం, ముఖ్యంగా మొదటి గంటలో. కానీ రెండోసారి చూసినప్పుడు ఆమె చేసిన పని ఒకటి గమనించాను. జేన్‌ని ఆమె చంపదు. భయపెడుతుంది, కానీ చివరికి జేన్‌కి దారి చూపిస్తుంది. ఫోటోలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వేగంగా తిప్పితే నాత్రే గదిలో పాకుతూ ఆ అర దగ్గరికి వెళ్లడం కనిపిస్తుంది కదా, అది జేన్ కోసమే. బతికుండగా ఎవరికీ చెప్పుకోలేకపోయినది ఇంకో ఆడదానికి చెప్తోంది. మాటలు ఇవ్వలేదు, నిజమే. సాక్ష్యం మాత్రం ఆమె చేతికే ఇచ్చారు.

బ్యాంకాక్_నుంచి

ఉద్యోగం మీద ఇక్కడ ఉంటున్నాను. థాయ్ వైపు నుంచి కొన్ని విషయాలు చెప్తాను, సినిమా ఇంకొంచెం తెరుచుకుంటుంది.

ఇక్కడ ప్రతి ఇంటి ముందు, ఆఫీసు ముందు, పెద్ద మాల్ ముందు కూడా కాలి మీద నిలబెట్టిన చిన్న గుడి లాంటిది ఉంటుంది. సాన్ ఫ్రా ఫూమ్ అంటారు. ఆ స్థలాన్ని కాపాడే ఆత్మ అందులో ఉంటుందని నమ్మకం. పొద్దున్నే పూలదండ, అగరొత్తులు, స్ట్రా వేసిన ఎర్ర ఫాంటా సీసా పెడతారు. సూటు వేసుకున్న ఉద్యోగులు లిఫ్ట్ ఎక్కే ముందు అక్కడ చేతులు జోడించి వెళ్తారు. దెయ్యం, ఆత్మ అన్నవి వీళ్లకి పాత కథలు కావు, రోజువారీ వ్యవహారం.

అకాల మరణం, అందులోనూ హింసతో పోయినవాళ్లను ఫీ తాయ్ హోంగ్ అంటారు. అన్నిటికన్నా భయంకరమైనవి అవే అని లెక్క. నాత్రే అలాంటిది. ఇక్కడ అందరికీ తెలిసిన మే నాక్ కథ కూడా ఆ జాతిదే. ప్రసవంలో చనిపోయి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన భర్తతో ఏమీ జరగనట్టు కాపురం చేసిన స్త్రీ. బ్యాంకాక్‌లో ఆన్‌నుట్ వైపు వాట్ (బౌద్ధాలయం) మహాబుట్‌లో ఆమెకు గుడి ఉంది, జనం గౌన్లు, బొమ్మలు తెచ్చి ఇస్తారు. భయపడేదానికే మొక్కుతారు. మన గ్రామదేవతల సంగతి తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు.

ఇప్పుడు సినిమాలో తల్లి సీన్. నాత్రే శవాన్ని దహనం చేయకుండా ఇంట్లోనే ఉంచుకుంటుంది. ఇక్కడ మనిషి పోతే శవాన్ని వాట్‌కి తీసుకెళ్లి కొన్ని రాత్రులు భిక్షువులు మంత్రాలు చదివాక దహనం చేస్తారు. అది జరగకపోతే ప్రాణానికి దారి లేదు. థాయ్ ప్రేక్షకుడు ఆ గది చూడగానే అనుకుంటాడు, ఓహో, అందుకే తిరుగుతోంది, కర్మకాండ చేస్తే సరిపోతుంది అని. సినిమా కూడా మనల్ని అలాగే నమ్మిస్తుంది. టున్, జేన్ దగ్గరుండి అంత్యక్రియలు చేయిస్తారు. భిక్షువులు వస్తారు, చితి వెలుగుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఏమీ తీరదు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ధైర్యం అనిపించింది ఇదే. మతాన్ని నమ్మే దేశంలో, మంత్రంతో దెయ్యం శాంతించడం అలవాటైన ప్రేక్షకులకి, తంతు సరిపోదని చెప్పారు. టున్ చితి ముందు నిలబడ్డాడు గానీ తను చేసింది ఒక్కరికీ చెప్పలేదు. నిజం చెప్పకుండా చేయించిన కర్మ పట్టలేదు.

మొదటి_ఆట

బ్యాంకాక్ గారూ, ఇది చదివాక ఆ అంత్యక్రియల సీన్ నాకు పూర్తిగా మారిపోయింది. మన సినిమాల్లో అయితే అక్కడ శుభం కార్డు పడేది. ఎవరో స్వామీజీ వచ్చి, ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, సీసాలో బంధించేవాడు.

కొత్తగా_చేరా

అందరికీ హాయ్. నిన్ననే చూశాను, ఇంకా టెన్షన్‌గానే ఉంది. ఆస్పత్రిలో బరువు చూసే సీన్ దగ్గర నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. సన్నగా ఉన్న మనిషి మిషన్ ఎక్కితే 120 కిలోలు చూపిస్తుంది. మిషన్ పాడైంది అనుకున్నా. సినిమా అయిపోయాక లేచి అన్నం తినబోతుంటే అప్పుడు తట్టింది, అందులో ఆమె బరువు కూడా ఉందని. ఒళ్లు జలదరించింది. ఇంకా ఇలాంటి దాచిపెట్టిన సూచనలు ఏమైనా ఉన్నాయా?

ఓరుగల్లు

ఉన్నాయి తమ్ముడూ. మొదటి నుంచి మెడ రుద్దుకుంటూనే ఉంటాడు చూడు, డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎక్స్‌రే కూడా తీయించుకుంటాడు. గుద్దింది నిజంగా ఎవర్నో అయితే శవం ఏది, ఫిర్యాదు ఏది? ఎక్కడా దొరకదు. ఆమె అంతకుముందే పోయింది మరి. స్నేహితుడు రాత్రిపూట వచ్చి ఆ ఫోటోలు ఇచ్చెయ్యి అని వణికిపోతాడు, మనకి అప్పుడు ఏ ఫోటోలో తెలియదు. ఆ స్నేహితులంతా పైనుంచి దూకే చచ్చిపోతారు. చివర్లో టున్ కూడా కిటికీలోంచి పడతాడు. అన్నీ మన కళ్ల ముందే పెట్టి, మనం చూడకుండా చేశారు. స్క్రీన్‌ప్లే అంటే ఇదీ. డైరెక్టర్లిద్దరితో పాటు సోఫోన్ సక్దాఫిసిత్ కూడా రాశాడు, అతనికి సగం క్రెడిట్ ఇవ్వాలి.

చందమామ_పాఠకుడు

పోలరాయిడ్ సీన్ గురించి ఎవరూ ఇంకా మాట్లాడలేదు, నేను మొదలుపెడతా. జేన్ వెళ్లిపోయింది. టున్ ఒక్కడే ఇంట్లో. "ఎక్కడున్నావ్" అని అరుస్తూ నాలుగు వైపులా ఫోటోలు తీస్తాడు. ఏ ఫోటోలోనూ ఆమె లేదు. విసుగొచ్చి కెమెరాని విసిరేస్తాడు. అది పడి దానంతటదే క్లిక్ అవుతుంది. ఫోటో బయటికి వస్తుంది. ఆమె అతని భుజాల మీద కూర్చుని ఉంది.

చూసినప్పుడు నాకు బేతాళ కథలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు చందమామలో ప్రతి నెలా ముందు తెరిచే పేజీ అదే కదా మనకి, శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడి బొమ్మ. అక్కడ రాజు తెలిసి మోస్తాడు, అడిగిన ప్రశ్నకి జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. టున్‌కీ జవాబు తెలుసు. ఇతను సినిమా పొడుగునా నోరు మూసుకునే మోశాడు.

కెమెరా తన చేతిలో ఉన్నంతసేపూ ఆమె కనిపించకపోవడం గమనించండి. ఎదటివాళ్లను తీయడమే అలవాటైన మనిషి, లెన్స్ తనవైపు ఒక్కసారి కూడా తిప్పుకోలేదు. చెయ్యి జారాక గానీ నిజం పడలేదు.

డార్క్‌రూమ్_తాత

చందమామ గారూ, బాగా చెప్పారు. పోలరాయిడ్ మీద చిన్న మాట. సినిమాలో దెయ్యాల ఫోటోల పత్రికవాడు చెప్తాడు కదా, చాలావరకు దొంగవే, కానీ పోలరాయిడ్‌లో వస్తే దొంగ అనలేం, నెగటివ్ లేదు కాబట్టి అని. మోసం చేయాలనుకుంటే దానిమీద కూడా రెండుసార్లు వెలుగు వేయచ్చు, పూర్తిగా అసాధ్యం కాదు. కానీ మా లాంటివాళ్లు చేతులు పెట్టే దశ అందులో లేదు, ఆ మాట నిజమే. నొక్కగానే కెమెరాలోంచే ఫోటో బయటికి వచ్చేస్తుంది. కడగడం లేదు, టచింగ్ లేదు.

ఈ దొంగ ఫోటోల వ్యాపారం చాలా పాతది. అమెరికాలో బోస్టన్‌లో మమ్లర్ అని నగల మీద చెక్కడాలు చేసేవాడు 1860లలోనే మొదలుపెట్టాడు. అక్కడ అంతర్యుద్ధంలో లక్షలమంది పోయిన కాలం. కొడుకు పోయిన తల్లి వచ్చి కూర్చుంటే ఆమె వెనక పల్చటి ఆకారం పడిన ఫోటో చేతికిచ్చేవాడు. 1869లో న్యూయార్క్‌లో కేసు పెట్టారు. సర్కస్ యజమానిగా పేరున్న బార్నమ్ కూడా అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. అయినా ఎలా చేస్తున్నాడో రుజువు చేయలేక వదిలేశారు. తర్వాత లింకన్ భార్య కూడా అతని దగ్గరికే వెళ్లి ఫోటో దిగింది, వెనక లింకన్ ఆమె భుజాల మీద చేతులు వేసినట్టు ఉంటుంది. ముందే ఒక బొమ్మ పడిన గాజు ప్లేటు మీద ఇంకోటి తీస్తే అలా వస్తుంది. పనివాడికి కష్టం కాదు. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నాడే, అది క్షమించలేను.

పాప్‌కార్న్_వద్దు

తాతగారి పోస్టులు ఎవరైనా ఒకచోట దాచిపెట్టండి.

రీమేకుల సంగతి మాట్లాడదాం. ఇంత మంచి కథ దొరికితే ఎవరికి చేతనైనట్టు వాళ్లు పాడుచేశారు.

ఓరుగల్లు

నేను మూడు రీమేకులు చూశాను, అందుకే కాస్త వివరంగా రాస్తా.

2007లో తమిళంలో శివి వచ్చింది. ఒరిజినల్‌ని చాలావరకు అలాగే దించారు. 2008లో హాలీవుడ్ వాళ్లు షటర్ అనే పేరుతోనే తీశారు, డైరెక్టర్ జపాన్‌వాడు మసయుకి ఒచియాయ్, కథ టోక్యోకి మారింది. దెయ్యంగా మెగుమి ఒకినా, జపాన్ హారర్ సినిమా జు-ఆన్ చూసినవాళ్లకి తెలిసిన ముఖమే. థాయ్ కథని అమెరికా డబ్బుతో జపాన్‌లో తీస్తే ఎక్కడిదీ కాకుండా పోయింది. ప్రియురాలిని కొత్త పెళ్లికూతుర్ని చేశారు, ఊరు తెలియదు, భాష తెలియదు. ఆ ఒంటరితనం వరకు బాగుంది. మిగతాదంతా నీట్‌గా, శుభ్రంగా ఉంటుంది. ఒరిజినల్‌లో ఆ ఇరుకు అపార్ట్‌మెంట్, చెమట పట్టిన మొహాలు, పాత ల్యాబ్‌లో గాజుసీసాలు ఉన్నాయి చూడండి, అవి లేకపోతే ఈ కథకి వాసన లేదు.

హిందీలో క్లిక్, 2010. శ్రేయాస్ తల్పడే హీరో, మన జయం సదా, స్నేహా ఉల్లాల్ ఉన్నారని ఆశగా చూశాను. పాటలు పెట్టారు. ఇలాంటి కథలో పాట వచ్చిందంటే అప్పటిదాకా కట్టిన భయమంతా అక్కడే జారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

ఈ మూడు రీమేకులూ దెయ్యం ఎలా కనపడాలన్న దాని మీదే ఖర్చుపెట్టాయి. టున్ పాత్ర మీద ఎవరూ పెట్టలేదు. ఒరిజినల్‌లో ఆనంద ఎవరింగ్‌హామ్‌ని చూడండి. అందగాడు, మెత్తగా మాట్లాడతాడు, జేన్ మీద ప్రేమ కూడా నిజమే అనిపిస్తుంది. మనం అతని పక్షాన నిలబడిపోతాం. నిజం తెలిశాక మన మీద మనకే అసహ్యం వేస్తుంది, ఇంతసేపు వీడు బతకాలని కోరుకున్నానా అని. హీరోకి ఇమేజ్ ఉంటే ఈ పాత్ర చేయడానికి ఒప్పుకోడు, ఒప్పుకున్నా మెత్తబరుస్తారు.

సౌండ్_పిచ్చి

జపాన్ సినిమాల ఊసు వచ్చింది కాబట్టి. రింగ్ (1998)లో కూడా ఫోటోలు ఉన్నాయి, శాపం ఉన్న వీడియో టేపు చూసినవాళ్లని ఫోటో తీస్తే ముఖాలు వంకర తిరిగి పడతాయి. కానీ అక్కడ శాపం ఎవరికైనా తగులుతుంది, టేపు చూసినవాడి ఖర్మ. షటర్‌లో దెయ్యానికి లెక్క ఉంది. ఎవరు చేశారో వాళ్లనే పట్టుకుంది. మన జనానికి షటర్ ఎక్కువ నచ్చడానికి ఇదే కారణం అనుకుంటున్నా. చిన్నప్పటి నుంచి విన్న కథల్లో మనకి పాపం చేసినవాడికి శిక్ష పడాలి.

పాప్‌కార్న్_వద్దు

అక్కడే నాకు పేచీ. టున్‌కి శిక్ష పడిందా? స్నేహితులు చచ్చారు, ఇతను బతికే ఉన్నాడు. పోలీసులకి తెలియదు, కాలేజీకి తెలియదు, ఆ తల్లికి చివరిదాకా తెలియదు. ప్రపంచం దృష్టిలో టున్ కిటికీలోంచి పడిన పాపం ఒక పేషెంట్.

విజయనగరం_పిల్ల

మీ మాటలో బాధ ఉంది, నాకూ ఉంది. జేన్ ఆ నెగటివ్‌లు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తుందని ఎదురుచూశాను, వెళ్లలేదు. తను వదిలి వెళ్లిపోయింది, అంతవరకే. తల్లికి నిజం తెలియాల్సింది. కూతురు ఎందుకు ప్రాణం తీసుకుందో తెలియకుండానే ఆమె చితి వెలిగించింది, అదీ అతని పక్కనే నిలబడి. సినిమా ఆ అప్పు తీర్చలేదు. తీర్చలేదని నాకు కోపమే గానీ, బయట కూడా చాలాసార్లు ఇలాగే జరుగుతోంది కాబట్టి అబద్ధం అనలేకపోతున్నా.

కొత్తగా_చేరా

చివర్లో ఆస్పత్రి తలుపు అద్దంలో కనిపించేది జేన్ చూసిందా? నాకు చూడలేదనే అనిపించింది.

ఓరుగల్లు

చూడలేదు. అది మన కోసమే. టున్ మంచం మీద వంగి కూర్చుని ఉంటాడు, తలుపు ఊగుతుంటే అద్దంలో భుజాల మీద ఆమె. అతనికి తెలుసు, ఇక డాక్టర్లకి చెప్పినా నమ్మరు. ఇంకా ఆ మెడ వంగే ఉంది.

కొత్తగా_చేరా

థాంక్స్ అన్నా. తర్వాత ఏం చూడమంటారు? ఇదే డైరెక్టర్లవి ఉంటే చెప్పండి. ఒంటరిగా చూడగలిగేవి అయితే మంచిది.

బ్యాంకాక్_నుంచి

ఇద్దరూ కలిసి 2007లో అలోన్ తీశారు, అతుక్కుని పుట్టిన కవలల కథ. అందులోంచి వచ్చిందే 2012లో ప్రియమణి చేసిన చారులత, తెలుగులోనూ వచ్చింది. అది చూసి ఉంటే అలోన్‌లో మలుపు ముందే తెలిసిపోతుంది, అయినా చూడండి. బంజోంగ్ ఒక్కడే 2013లో పీ మాక్ తీశాడు, మే నాక్ కథనే హాస్యంగా. థాయ్‌లాండ్‌లో జనం విరగబడి చూశారు. ఒంటరిగా చూడటానికి అది సరిపోతుంది, నవ్వుకుంటారు, చివర్లో కళ్లలో నీళ్లు కూడా వస్తాయి. దానికి ముందు 1999లో వచ్చిన నాంగ్ నాక్ చూస్తే కథ అసలు రూపం తెలుస్తుంది.

అదే బంజోంగ్ 2021లో తీసిన ది మీడియం ఉంది. ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఇసాన్ పల్లెల్లో దేవత పూనే కుటుంబం గురించి. మన పూనకాలు, కొలుపులు చూసి పెరిగినవాళ్లకి మొదటి గంట బాగా దగ్గరగా అనిపిస్తుంది. రెండో సగం మాత్రం ఒంటరిగా చూడకండి, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.